దారం రంగు పోల్చుకోలేకపోతున్నా: డిప్రెషన్‌కీ, విటమిన్ డి‌కీ, కళ్లకీ సంబంధం ఉందా?

ప్రశ్న: బైరాగిపట్టెడ టైలర్

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 43 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. డాక్టరు గదిలో ఇంత చెప్పుకునే టైం ఉండదు.

సంక్రాంతి అయిన పది రోజులకు మా అమ్మ పోయింది. చిత్తూరులో తమ్ముడి దగ్గర ఉండేది. కర్మలు అయిపోయి ఇంటికొచ్చాక మామూలుగానే మిషన్ ముందు కూర్చున్నాను. పెద్దగా ఏడుపు కూడా రాలేదు. ఉగాది దాటాక మొదలైంది. తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ కునుకు పట్టదు. అన్నం కలుపుకుంటాను, ముద్ద దిగదు. ఫోన్ మోగితే గిరాకీ వాళ్లని తెలిసి కూడా ఎత్తను. రెండు పెళ్లి జాకెట్లు ఒప్పుకుని ముహూర్తానికి ఇవ్వలేక మాట పడ్డాను.

అసలు సంగతి కళ్లది. మే నెలలో ఒకామె చిలకపచ్చ పట్టు జాకెట్ ఇచ్చింది. దారాల డబ్బాలోంచి మ్యాచింగ్ తీసి, హెమ్మింగ్ చేసి, హుక్కులు కుట్టి ఇచ్చాను. ఆమె చేతిలోకి తీసుకోగానే, "ఏం మా, ఇదేం దారం?" అంది. వాకిట్లోకి తీసుకెళ్లి చూస్తే నేను కుట్టింది ముదురు ఆకుపచ్చ దారంతో అట. "అట" అని ఎందుకంటున్నానంటే ఆ ఎండలో కూడా నాకు రెండూ ఒకేలా, మసి పట్టినట్టు కనిపించాయి. పద్దెనిమిదేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. చీర కొంగు అంచు చూసి, షాపుకెళ్లి చూడకుండానే దారం నంబరు చెప్పేదాన్ని. దీనికి తోడు కళ్లలో ఇసుక పోసినట్టు గరగర, మంట. సాయంత్రమైతే నీళ్లు కారతాయి. సూదిలో దారం మా అమ్మాయి ఎక్కించి ఇవ్వాల్సిందే.

ఆ అమ్మాయే పట్టుబట్టి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. డిప్రెషన్ అన్నారు. ఎసిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాత్రిపూట. ఆరు వారాలైంది. నిద్ర కొంచెం నయం. కళ్ల మంట మాత్రం ఈ మాత్ర మొదలుపెట్టాక ఇంకా ఎక్కువైనట్టుంది.

ఒళ్లునొప్పులు కూడా ఉన్నాయని వేరే క్లినిక్‌లో రక్తపరీక్షలు చేయించాం. విటమిన్ డి 9, సీఆర్‌పీ 6.8, హిమోగ్లోబిన్ 10.9. షుగరు, థైరాయిడ్ బాగున్నాయి. సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) అని, అందుకే తగ్గడం లేదని అక్కడ ఒకరు అన్నారు. 60,000 విటమిన్ డి పొడి పొట్లాలు రాసిచ్చారు. చీటీలో రాత నాకు అర్థం కాలేదు. మందుల షాపులో కవరు మీద "రోజుకొకటి" అని రాశారు. ఇప్పటికి నాలుగు తాగాను.

మా ఆడపడుచు ఏమంటుందంటే, "ఇదంతా విటమిన్ తక్కువై వచ్చిందే, ఆ మెంటల్ మాత్రలు ఆపేయ్, పొద్దున్నే ఎండలో కూర్చో, సరిపోతుంది." నాకూ ఆ మాట వినాలనే ఉంది, నిజం చెప్తున్నా. ఒకటే జబ్బు, ఒకటే మందు అయితే ఎంత బాగుంటుంది. మనసుకీ, ఒంట్లో వాపుకీ, ఈ విటమిన్‌కీ, కళ్లకీ నిజంగా ముడి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. శ్రావణమాసం గిరాకీ వస్తోంది, ఇలా ఉంటే నేను మిషన్ ఎక్కలేను.

జవాబు: రిటైర్డ్ స్టాఫ్ నర్సు

తల్లీ, మిగతా మాటలన్నీ తర్వాత. ముందు ఆ ఐదో పొట్లం పక్కన పెట్టు. 60,000 యూనిట్ల పొట్లం వారానికి ఒకటి చొప్పున, మామూలుగా ఎనిమిది వారాలు రాస్తారు. రోజూ తాగేది కాదు. నాలుగు తాగినందుకు కంగారు పడకు, అంతమాత్రానికి ఏమీ కాదు. కానీ రేపే ఆ చీటీ, ఆ కవరు రెండూ పట్టుకెళ్లి రాసిన డాక్టరుకి చూపించు. కాల్షియం ఒకసారి చూడమని అడుగు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను డ్యూటీలో ఉండగా ఒక పెద్దాయన్ని తెచ్చారు. మోకాళ్ల నొప్పులకని ఇవే పొట్లాలు రెండు నెలలు రోజూ తాగాడు. మందు కదా, ఎక్కువ తాగితే ఇంకా మంచిదనుకున్నాడు. వాంతులు, ఆగని దాహం, మలబద్ధకం, మనిషి అయోమయంలో ఉన్నాడు. రక్తంలో కాల్షియం పెరిగిపోయి కిడ్నీలు దెబ్బతిన్నాయి. బి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. డి అలా పోదు, కొవ్వులో నిలవ ఉండిపోతుంది.

ఎసిటలోప్రామ్ నీ అంతట నువ్వు ఆపొద్దు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం, చిరాకు, నిద్ర మళ్లీ చెదిరిపోవడం, ఇవన్నీ రావచ్చు. ఆ మందు పని తెలియడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీకు ఇప్పుడిప్పుడే పట్టు దొరుకుతోంది. కళ్లు ఎండిపోతున్నాయని ఆ డాక్టరుకే చెప్పు. ఆ రకం మందులతో నోరు, కళ్లు ఆరిపోవడం వాళ్లకు తెలిసిన సంగతే.

ఇంకొక్క మాట, తల్లి స్థానంలో ఉండి అడుగుతున్నా. "ఎందుకు బతకాలి" అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే దాచుకోవద్దు. కూతురికి చెప్పు. అర్ధరాత్రి అయినా సరే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

హిమోగ్లోబిన్ సంగతి కూడా అడుగు. 10.9తో ఆయాసం, నీరసం ఉండొచ్చు.

జవాబు: మామిడితోట, గుడిపాల

అక్కా, మాది చిత్తూరు పక్కన గుడిపాల. మీ పోస్టులో "వాపు", "కన్ను" రెండు మాటలూ కలిపి చూసి ఆగలేకపోయాను, ఎందుకంటే నాది అదే కథ, కానీ వేరే రకం.

నాకు 36 ఏళ్లు. ఎనిమిదేళ్ల కింద కాయ కోతల టైంలో కుడి కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేను, లోపల గుద్దినట్టు నొప్పి. కండ్లకలక అనుకుని మందుల షాపులో చుక్కలు తెచ్చి వేసుకున్నా. రెండు రోజుల్లో తగ్గింది. మళ్లీ వచ్చింది, మళ్లీ అవే చుక్కలు. ఏడాదిన్నర అలాగే నడిపాను. అవి స్టెరాయిడ్ చుక్కలని నాకు తెలియదు. చివరికి కంటి ఆసుపత్రిలో చూస్తే యువైటిస్ అన్నారు. అంటే కంటి మధ్య పొరలో వాపు. దానికి తోడు ఆ చుక్కల వల్ల కంటిలో ప్రెషర్ 34కి చేరింది. 21 దాటకూడదంట. పక్క చూపు కొంత పోయింది, అది తిరిగి రాదు.

అప్పుడు ఆ డాక్టరమ్మ, "పొద్దున లేవగానే నడుము బిగుసుకుపోతుందా, నడిస్తే సర్దుకుంటుందా?" అని అడిగింది. పదేళ్లుగా అంతే! బరువులు మోసే పని కదా అనుకునేవాణ్ణి. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక కీళ్లలో వాపు జబ్బు అని తేలింది. నడుములో ఉన్న వాపే కంటిలోకీ వచ్చింది. అందుకని మీరు కూడా డాక్టరుకి చెప్పేటప్పుడు కన్నొక్కటే చెప్పకండి. కీళ్లు, నడుము, నోట్లో పుండ్లు, అన్నీ చెప్పండి.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీది యువైటిస్‌లా లేదు. ఎర్రబడిందని, వెలుతురు చూడలేకపోతున్నానని మీరు రాయలేదు. అయినా చూపించుకోండి. చూపించకుండా షాపులో చుక్కలు మాత్రం కొనొద్దక్కా, చేతులెత్తి మొక్కుతా.

ఆ ఏడాదిన్నరలో నా మనసు ఎలా ఉండేదో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తోటకి పోయి చెట్టు కింద ఊరికే కూర్చునేవాణ్ణి. మా నాయన అది సోమరితనం అనుకున్నాడు.

జవాబు: సూర్యనమస్కారం

అమ్మా, రోజూ ఉదయం 6 గంటలకు అరగంట లేత ఎండలో కూర్చోండి. డి విటమిన్ దానంతట అదే పెరుగుతుంది. మాత్రలు అవసరమే లేదు. మా పెద్దవాళ్లకు ఏ మాత్రలు ఉన్నాయి?

జవాబు: బయోకెమిస్ట్రీ లెక్చరర్, తిరుపతి

పైన అన్నగారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ లేత ఎండ మాట సరికాదు. దీని గురించి మన ఊళ్లోనే పరిశోధన జరిగింది. స్విమ్స్ ఆసుపత్రి ఎండోక్రినాలజీ (హార్మోన్ల జబ్బుల) విభాగంలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం, చర్మంలో ఉండి, ఎండ తగిలితే విటమిన్ డిగా మారే 7-డీహైడ్రోకొలెస్టరాల్‌ని చిన్న గాజు ఆంప్యూళ్లలో పెట్టి తిరుపతి ఎండలో వేర్వేరు వేళల్లో ఉంచి చూసింది. విటమిన్ డి బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య. కారణం అతినీలలోహిత బి కిరణాలు. పొద్దున ఆరింటికి సూర్యుడు వాలుగా ఉంటాడు కాబట్టి అవి గాలిలోనే వడపోతకు గురవుతాయి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఆ కిరణాలు తగులుతున్నట్టు లెక్క. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది. మిషన్ కిటికీ పక్కనే ఉంది కదా అనుకుంటే కుదరదు. లేత ఎండలో కూర్చోవడం మంచిదే, మనసుకీ నిద్రకీ మేలు చేస్తుంది, దాన్ని మానమని అనడం లేదు.

ఇంత ఎండ ఉన్న ఊళ్లో 9 ఏమిటని మీకు అనిపించవచ్చు. అదే బృందం 2000 తర్వాత చేసిన సర్వేల్లో తిరుపతిలో, చుట్టుపక్కల పల్లెల్లో ఏ జబ్బూ లేనివాళ్లను పరీక్షిస్తేనే చాలామందికి తక్కువ తేలింది. పొలం పనిచేసే వాళ్లకంటే పట్నం వాళ్లకు ఇంకా తక్కువ. పైగా మన తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని పట్టి ఉంచేసే ఫైటేట్లు ఎక్కువ. పద్దెనిమిదేళ్లు ట్యూబ్‌లైటు కింద కూర్చున్న మనిషికి 9 ఉండటంలో వింత లేదు. 20కి తక్కువైతే లోపం అంటారు, 9 అంటే బాగా తక్కువ. ఎముకల కోసం, కండరాల నొప్పుల కోసం దాన్ని సరిచేసుకోవాల్సిందే.

ఇక ముడి ఉందా అన్న ప్రశ్న. ఉంది, కానీ మీ ఆడపడుచుగారు అనుకునే ముడి కాదు. విటమిన్ డి తక్కువ ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఎక్కువ కనిపిస్తుంది, నిజమే. కానీ డిప్రెషన్‌లో ఉన్న మనిషి గడప దాటడు, ఎండ తగలదు, సరిగ్గా తినడు. ఏది ముందు? తేల్చడానికి అమెరికాలో 50 ఏళ్లు దాటిన 18,353 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి రోజుకు 2000 యూనిట్ల విటమిన్ డి, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఐదేళ్లకు పైగా ఇచ్చారు. ఫలితం 2020లో వచ్చింది. డిప్రెషన్ రావడంలో రెండు గుంపులకీ తేడా లేదు. ఆ మనుషుల్లో చాలామందికి మీ అంత లోపం లేదు, అది గుర్తుంచుకోవాలి. అయినా సరే, డిప్రెషన్ మందు తీసేసి ఆ స్థానంలో దీన్ని పెట్టడానికి ఏ ఆధారమూ లేదు.

వాపు సంగతికి ఆధారం ఇంకా గట్టిది. ఒకప్పుడు హెపటైటిస్ సి రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. అది రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే మందు. అంతకుముందు మామూలుగా ఉన్నవాళ్లలో చాలామంది కొన్ని వారాల్లోనే డిప్రెషన్‌లో పడ్డారు. ఒంట్లో పుట్టే వాపు మనసు దాకా పోగలదని అలా తెలిసింది. 2013లో ఇంకో ప్రయోగం జరిగింది. మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిలో సగం మందికి వాపు తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించారు, మిగతా సగానికి ఉత్త సెలైన్. అందరినీ కలిపి చూస్తే లాభం లేదు. సీఆర్‌పీ 5 దాటినవాళ్లలో మాత్రం మేలు కనిపించింది. అంటే డిప్రెషన్ అందరికీ ఒక దారిలో రాదు, కొందరికి వాపు దారిలో వస్తుంది.

మీ 6.8 చూసి మీరు ఆ కొందరిలో ఉన్నారని నేను అనను. సీఆర్‌పీ జలుబుకి పెరుగుతుంది, చిగుళ్ల వాపుకి పెరుగుతుంది, పొట్ట దగ్గర కొవ్వుకి పెరుగుతుంది. రెండు మూడు వారాలాగి మళ్లీ చేయించండి. ఇంకో మెలిక కూడా ఉంది. ఒంట్లో వాపు పెరిగినప్పుడు రక్తంలో విటమిన్ డి అంకె దానంతట అదే కొంత దిగిపోతుంది. కాబట్టి డి తక్కువై వాపు వచ్చిందని ఆ రెండు అంకెలు చూసి చెప్పలేం.

జవాబు: కంటి పరీక్షల అమ్మాయి

మేడమ్, నేను ఆప్టోమెట్రిస్టుని. మీ దారం డబ్బా దగ్గరే నేను ఆగిపోయాను.

జర్మనీలో ఫ్రైబుర్గ్ యూనివర్సిటీ వాళ్లు 2010లో 40 మంది డిప్రెషన్ రోగులకు, 40 మంది మామూలువాళ్లకు కంటి ఈఆర్‌జీ తీశారు. తెర మీద నలుపు తెలుపు గళ్లు మారుతుంటే కంటి వెనక ఉండే పొర, రెటీనా, ఎంత కరెంటు పుట్టిస్తుందో చూసే పరీక్ష అది. డిప్రెషన్ ఉన్నవాళ్ల రెటీనా ఆ నలుపు తెలుపు తేడాకి బాగా తక్కువ స్పందించింది. మందులు వాడుతున్నా, వాడకపోయినా అంతే. చికిత్సతో డిప్రెషన్ తగ్గిపోయినవాళ్లలో అది మళ్లీ మామూలు స్థాయికి వచ్చిందని ఆ బృందమే తర్వాత చెప్పింది. కడుపులో బిడ్డ ఎదిగేటప్పుడు రెటీనా మెదడులోంచే పుట్టుకొస్తుంది. మెదడులో మనసుకి పనికొచ్చే డోపమైన్ అనే రసాయనమే రెటీనాలో కాంట్రాస్టుకీ, అంటే వెలుగునీడల తేడా గుర్తించడానికీ పనికొస్తుంది. "లోకం మసిబారినట్టుంది" అని వాళ్లు చెప్పేది ఉత్త మాట కాదు.

కానీ అక్కడ కొలిచింది నలుపు తెలుపే, చిలకపచ్చ ఆకుపచ్చ కాదు. అందుకే మీ విషయంలో ముందు మామూలు కారణాలు వెతకాలి. శుక్లం మొదలైందా, కంటి నరం ఎలా ఉంది, ఒక కన్ను మూసి చూస్తే రెండో కంటితో రంగు తేడా తెలుస్తోందా, ఇవన్నీ చూడాలి. సూదిలో దారం ఎక్కకపోవడం మాత్రం 43లో చాలావరకు చత్వారమే. దానికి అద్దాలు చాలు.

గరగర, సాయంత్రం నీళ్లు కారడం, రెండూ కళ్లు పొడిబారిన గుర్తులే. పొడి కన్ను నీళ్లు కారుస్తుందంటే ఎవరూ నమ్మరు. మంట పుట్టినప్పుడు కన్ను కంగారుగా నీళ్లు వదులుతుంది, అవి నిలవవు. కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తాం. ఫ్లోరెసిన్ రంగు వేసి, నీలం లైటులో కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చెదురుతుందో లెక్కపెడతాం. పది సెకన్లు నిలవాలి. కుట్టు మీద చూపు నిలిపినప్పుడు రెప్ప కొట్టడం మర్చిపోతాం, దానికి మీ మాత్ర కూడా తోడైంది. విటమిన్ డి తక్కువ ఉన్నవాళ్లలోనూ పొడి కళ్లు ఎక్కువని చాలా పరిశీలనలు ఉన్నాయి. నర్సమ్మగారు చెప్పిన ప్రమాదానికి కంటి వైపు కూడా ఒకటి ఉంది. కాల్షియం చాలాకాలం ఎక్కువగా ఉంటే నల్లగుడ్డు మీద తెల్లటి పట్టీలా పేరుకుంటుంది. డి తక్కువైనా, ఎక్కువైనా కంటికి మంచిది కాదు.

ఒక్కటి మర్చిపోకండి. ఈ రకం మాత్రలు కంటిపాపలను కొంచెం పెద్దవి చేస్తాయి. ఎవరికైనా కంటిలో నీరు పోయే దారి పుట్టుకతోనే ఇరుగ్గా ఉంటే అది మూసుకుపోవచ్చు. చాలా అరుదు. లైటు చుట్టూ రంగుల వలయాలు, తీవ్రమైన కంటి నొప్పి, వాంతి వస్తే మాత్రం ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి రండి. రుయా ప్రభుత్వాసుపత్రిలో కంటి విభాగం ఉంది, అరవింద్ కంటి ఆసుపత్రి కూడా మన ఊళ్లోనే ఉంది.

జవాబు: బైరాగిపట్టెడ టైలర్

మూడు వారాలైంది, ఏమైందో రాయకపోతే బాగుండదు.

నర్సమ్మగారూ, మర్నాడే వెళ్లాను. చీటీలో వారానికొకటి అనే ఉందట. కాల్షియం 9.6, బాగానే ఉందన్నారు. నెల ఆగి వారానికొకటి మొదలుపెట్టమన్నారు. కవరు మీద కొట్టేసి నా చేత్తోనే "ఆదివారం మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసుకున్నాను. హిమోగ్లోబిన్‌కి ఐరన్ మాత్రలు ఇచ్చారు. మీరు అడిగిన ఆ ఆలోచన, మే నెలలో రెండుసార్లు వచ్చింది. మీరు ఇక్కడ అడిగాకే మా అమ్మాయికి చెప్పగలిగాను. అది ఏమీ మాట్లాడలేదు, ఆ రాత్రి నా పక్కనే పడుకుంది.

కళ్లు చూపించాను. కాగితం ఒక కంటిలో 6, ఇంకో కంటిలో 5 మిల్లీమీటర్లే తడిసింది. కన్నీటి పొర నాలుగు సెకన్లకే చెదిరిందట. శుక్లం లేదు, నరం బాగుంది, ప్రెషర్ 14. చత్వారం ఉంది, అద్దాలు ఇచ్చారు. మొదటిరోజు సూదిలో దారం నేనే ఎక్కించాను, మా అమ్మాయి పక్కన నిలబడి చూసింది. చుక్కలు రోజుకు నాలుగుసార్లు. ఒక్కో పట్టీ కుట్టాక ఆగి, కళ్లు మూసుకుని పది లెక్కపెడుతున్నాను.

మానసిక వైద్యుడు మాత్ర ఆపలేదు, అదే మోతాదు, మళ్లీ నెలకి రమ్మన్నారు. ఇప్పుడు ఐదింటి దాకా నిద్ర పడుతోంది. సీఆర్‌పీ మళ్లీ చేయిస్తే 2.9 వచ్చింది. మొదటిసారి చేయించినప్పుడు పంటి నొప్పి ఉండేది, అప్పుడు ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు.

పదకొండున్నరకు బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కుతున్నాను, ఇరవై నిమిషాలు ఉంటున్నాను. నిన్న దారాల డబ్బా కూడా తీసుకెళ్లి ఆ ఎండలో పరిచాను. పసుపు రంగుకీ మామిడిపండు రంగుకీ తేడా తెలిసింది. వంకాయ రంగు, నేరేడు రంగు విడివిడిగా పెట్టగలిగాను. పచ్చల దగ్గర ఇంకా తడబడుతున్నాను, రెండుసార్లు తప్పు పెట్టాను.

గుడిపాల తమ్ముడూ, మీ నాయనకి ఇప్పుడైనా చెప్పావా?

ఆ చిలకపచ్చ జాకెట్ ఆమె తిరిగి తెచ్చిచ్చింది, వరలక్ష్మీ వ్రతానికి కావాలంట. హెమ్మింగ్ విప్పి మళ్లీ కుట్టాలి. దారం మటుకు మా అమ్మాయి చేతే తీయిస్తాను.